మేక్‌డిర్స్‌కి ఐదు చుక్కలు, ఆర్ఎమ్‌ట్రీకి మూడే

పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. శ్రావణం వచ్చిందంటే వారానికి నాలుగైదు పెళ్ళిళ్ళ కెమెరా కార్డులు టేబుల్ మీద పడతాయి. ఒక్కో పెళ్ళికి స్నాతకం, జీలకర్రబెల్లం, తలంబ్రాలు, రిసెప్షన్. ఒక్కోదాని కింద మళ్ళీ రా (కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్ళు), ఎడిట్, ప్రింట్. ఇన్ని ఫోల్డర్లు చేత్తో చేసేసరికి టీ చల్లారిపోయేది. అందుకని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి అప్పజెప్పాను. ఫోల్డర్లు కట్టే, తీసేసే దాని ఫంక్షన్లకి ఐదు చుక్కల లెక్కన నా రేటింగ్ ఇది.

మొదట ఓఎస్ మాడ్యూల్‌లోని (మాడ్యూల్ అంటే రెడీమేడ్ ఫంక్షన్ల మూట) ఎమ్‌కేడిర్ వాడాను. అది ఒక్క అంతస్తే కడుతుంది, పై ఫోల్డర్ లేకపోతే ఎర్రర్ ఇచ్చి కూర్చుంటుంది. మేక్‌డిర్స్ అలా కాదు. ఏడాది, మాసం, ఇంటిపేరు, వేడుక అని దారంతా ఇస్తే మధ్యలో లేనివన్నీ తనే కట్టుకుంటూ పోతుంది. ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ అన్నామా, ఉన్న ఫోల్డర్‌తో పేచీ పెట్టుకోదు. అదే పేరుతో ఫైలు ఉంటే మాత్రం ఎర్రరే. పాత్‌లిబ్ అనే మరో మాడ్యూల్ అలవాటైనవాళ్ళు అందులోని ఎమ్‌కేడిర్‌కి పేరెంట్స్=ట్రూ, ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ రెండూ ఇచ్చినా ఇదే పని జరుగుతుంది.

తీసేసే దగ్గరే ఉంది కథంతా. ఆర్ఎమ్‌డిర్ ఖాళీ ఫోల్డర్‌ని తప్ప ముట్టదు. రిమూవ్‌డిర్స్ ఖాళీది తీసేసి, దాని పైది కూడా ఖాళీ అయితే దాన్నీ తీసేసి, అలా పైకి ఎక్కుతుంది. ఒక రా తీయమంటే ఇంటిపేరుతో సహా మాయమైంది. పోయినవన్నీ ఖాళీవే కాబట్టి సరిపోయింది.

షుటిల్ మాడ్యూల్‌లోని ఆర్ఎమ్‌ట్రీ ఫోల్డర్‌ని లోపలున్నవాటితో, వేర్లతో సహా పీకుతుంది. అడగదు, రీసైకిల్ బిన్‌లోనూ వేయదు. ఓ రాత్రి నా ఎక్సెల్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండిపోయింది. స్క్రిప్టు ఆ ఖాళీ పేరునే మాఘం ఫోల్డర్‌కి జాయిన్ చేసింది. మాఘానికి ఏమీ కలపకపోతే మిగిలేది మాఘమే కదా! పదకొండు పెళ్ళిళ్ళు గోవిందా. రా ఫైళ్ళు వేరే డ్రైవ్‌లో ఉన్నాయి గానీ, ఎడిట్లన్నీ మళ్ళీ కూర్చుని చేశాను. తప్పు నాదే, అయినా రెండు చుక్కలు కోశాను. ఇప్పుడు పేరు ఖాళీ అయితే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది, లేదంటే పూర్తి దారి చూపించి 'అవును' అని టైప్ చేయమంటుంది.

విండోస్‌లో రీడ్-ఓన్లీ (మార్చకూడదని గుర్తు పెట్టిన) ఫైలు తగిలితే ఆర్ఎమ్‌ట్రీ సగంలో ఆగిపోతుంది. ఆ గుర్తు తీసేసి మళ్ళీ ప్రయత్నించే చిన్న ఫంక్షన్ రాసివ్వాలి. దాన్ని ఇదివరకు ఆర్ఎమ్‌ట్రీలో ఆన్ఎర్రర్ అనే ఆప్షన్‌కి ఇచ్చేవాళ్ళం, పైథాన్ 3.12 నుంచి ఆన్ఎక్స్‌సీకి.

ప్రివ్యూల్లాంటి తాత్కాలిక సరుకుని టెంప్‌ఫైల్ మాడ్యూల్‌లోని టెంపరరీడైరెక్టరీకి మార్చాను. విత్ బ్లాక్ (దాన్ని వాడుకునే కోడ్ ముక్క) అయిపోగానే తనే తుడిచేసుకుంటుంది. ఆర్ఎమ్‌ట్రీతో ఇప్పుడు నెలకోసారే పని.