లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపు: గ్రూప్స్ గైడ్ల వెనక అమెరికా అంతర్యుద్ధం

పోటీ పరీక్షల గైడ్ల కోసం వెళ్లేవాళ్లకి ఈ రివ్యూతో పనిలేదు. అవి లెనిన్ సెంటర్‌లో ఏ షాపులోనైనా దొరుకుతాయి, రేట్లు కూడా అటూ ఇటూగా ఒకటే. నేను రాస్తున్నది ఆ వరసలో ఉన్న ఒక చిన్న షాపు గురించి, సరిగ్గా చెప్పాలంటే లోపలి గోడకి నిలబెట్టిన ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల ర్యాక్ గురించి. షాపు పేరు రాయను, ఎందుకో కింద పేజీల గొడవ దగ్గర తెలుస్తుంది. ఎలాగూ ఓపికుంటే ఆ షాపులన్నీ ఒక్క సాయంత్రంలో చుట్టేయొచ్చు.

ముందు ఇబ్బందులు చెప్పేస్తాను. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు ఏలూరు రోడ్డు మీద ఉండాల్సిందే. ఉన్న ఒక్క ఫ్యానూ ఓనర్ వైపే తిరుగుతుంది. బండి పెట్టుకునే చోటు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్లారో, బెజవాడ ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు బస్టాండులో దిగి ఆటో ఎక్కేయడం మేలు. ఫోన్‌పే ఉంది, బిల్లు మాత్రం అడగొద్దు.

ఓనర్ పెద్దాయన, అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. మనం లోపలికి వంగగానే "గ్రూప్స్‌కా, డీఎస్సీకా?" అంటాడు. రెండూ కాదు బాబాయ్, వెనక ర్యాక్ చూస్తానంటే కొంచెం నిరాశపడి దుమ్ము గుడ్డ చేతికిస్తాడు. ఆ ర్యాక్‌లో ఉన్నది ఎవరో హిస్టరీ లెక్చరర్ గారి సొంత లైబ్రరీ. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు అట్టపెట్టెల్లో సర్ది అమ్మేశారట. ఆయనకి అమెరికా అంతర్యుద్ధమంటే పిచ్చి ఉన్నట్టుంది. అందులోనూ జనరల్స్ జీవిత చరిత్రలు తక్కువ, సిపాయిల ఉత్తరాలు, ఊళ్లలో మిగిలిన ఆడవాళ్ల డైరీలు ఎక్కువ. "అమెరికా వాళ్ల గొడవ ఇక్కడెవరిక్కావాలండీ, మొత్తం తీసుకుంటే తగ్గించి ఇస్తా" అన్నాడు బాబాయ్. మొత్తం తీసుకోలేదు కానీ సంచి నిండా తెచ్చుకున్నాను, అదే ఈ రివ్యూకి కారణం.

1861 నుంచి 1865 దాకా అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన ఈ యుద్ధం గురించి మనం స్కూల్లో చదివింది లింకన్, బానిసత్వ నిర్మూలన, రెండు మార్కుల ప్రశ్న. ఉత్తరాల్లోకి దిగితే ముందు కనిపించేది కడుపు. ఇటుకలా గట్టిగా ఉండే బిస్కెట్టు, కాఫీ, ఉప్పు మాంసం, ఆ తర్వాత విరేచనాలు. నిజంగానే, మొహమాటం లేకుండా పెళ్లాలకి రాసుకున్నారు. ఆ యుద్ధంలో చనిపోయింది 6,20,000 మంది అని చాలాకాలం లెక్క చెప్పేవారు, 2011లో ఒక చరిత్రకారుడు జనాభా లెక్కలు తిరగేసి 7,50,000 దాకా ఉండొచ్చన్నాడు. ఏ లెక్క పట్టుకున్నా, తూటాలకి పోయిన సిపాయిల కంటే రోగాలకి పోయినవాళ్లే ఎక్కువ. ఆ సంగతి తెలిశాక, కొడుకు విరేచనాలు తగ్గాయా లేదా అని ఒక తల్లి అడుగుతుంటే నవ్వు రాదు.

ఇన్ని ఉత్తరాలు ఎలా మిగిలాయంటే, రెండు వైపులా సిపాయిల్లో చాలామందికి చదువొచ్చు, పైగా వాళ్ల ఉత్తరాలని సైన్యం సెన్సార్ చేసేది కాదు. ఎక్కడున్నాం, ఎటు వెళ్తున్నాం, మా కెప్టెన్ ఎంత వెధవ, అన్నీ రాసేసేవాళ్లు. ఇక్కడ నాకు మన మిలటరీ మాధవరం గుర్తొచ్చింది, రెండు ప్రపంచ యుద్ధాలకీ ఇంటింటి నుంచి మనుషుల్ని పంపిన ఊరది. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన మన దేశపు సిపాయిల ఉత్తరాల్లో ఈరోజు చదవడానికి దొరికేవి ఎక్కువగా సెన్సార్ ఆఫీసులో ఇంగ్లీషులోకి మార్చి రిపోర్టుల్లో కాపీ చేసుకున్న ముక్కలే. అమెరికా వాళ్లవి మాత్రం అసలు కాగితాలే ఇంట్లో పెట్టెల్లో ఉండిపోయాయి. ఈ తేడా చదివేటప్పుడు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఒక పుస్తకంలో అసలు ఉత్తరాల ఫొటోలున్నాయి, ఓనర్‌ని అడిగి లైటు కింద పెట్టి చూడండి. దక్షిణాదిలో కాగితం కరువు. అందుకని పేజీ నిండా రాసేశాక దాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరసల మీదే మళ్లీ అడ్డంగా రాశారు. మొదట చేపల వల ఫొటో వేశారేమో అనుకున్నాను. ఒక వైపు వరసనే పట్టుకుని కళ్లు కదిలిస్తే మెల్లగా మాటలు పైకి తేలుతాయి. వాడేసిన కవర్లని విప్పి లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ అంటించి పంపేవాళ్లు. గోడలకి అంటించే కాగితాన్ని కూడా వదల్లేదు. ఉత్తరాది సిపాయికి అయితే స్టాంపు లేకపోయినా ఫర్వాలేదు, కవరు మీద సోల్జర్స్ లెటర్ అని రాయించి పంపితే అందుకున్నవాళ్లు డబ్బు కట్టేవాళ్లు. సరిహద్దుకి అటో బిడ్డ ఇటో బిడ్డ ఉన్న ఇళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, 1861లోనే రెండు వైపుల మధ్య మామూలు టపా ఆగిపోయింది. తెల్లజెండా పడవల మీద ఒక్క పేజీ మాత్రం, అతికించకుండా, అధికారులు చదివేలా పంపుకోవాలి. సెన్సార్ లేదని పైన రాశాను కదా, ఆ ఒక్క దారికి మాత్రం ఉంది.

డైరీల్లో అందరూ మెచ్చుకునేది మేరీ చెస్నట్‌ది. సౌత్ కరోలినాలో పెద్దింటి మనిషి, మొగుడు మాజీ సెనేటర్. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున చార్లెస్టన్‌లో ఫోర్ట్ సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలి యుద్ధం మొదలైనప్పుడు ఆవిడ మంచం పక్కన మోకాళ్ల మీద పడి ప్రార్థించి, తర్వాత అందరితో డాబా ఎక్కి, నల్ల స్టూలనుకుని పొగగొట్టం మీద కూర్చుంటే గౌనుకి నిప్పంటుకుంది. చదువుతుంటే కళ్లకి కడుతుంది. ఇంట్లో పనిచేసే బానిసలు ఫిరంగుల మోతకి కూడా మొహంలో ఏమీ కనపడనివ్వడం లేదే, వీళ్లకి ఏమీ తెలియడం లేదా లేక మనకంటే తెలివిగా సమయం కోసం కాచుకుని ఉన్నారా అని కూడా రాసుకుంటుంది. గొప్ప చోటు అది. కానీ ఒక హెచ్చరిక: మనం చదివే ఆ రూపం చాలావరకు ఆవిడ 1880లలో కూర్చుని తిరగరాసింది. యుద్ధంలో ఓడిపోయాక, బానిసత్వం పోయాక. కాబట్టి ఆ తెలివైన మాటల్లో ఎన్ని ఆ రోజువి, ఎన్ని ఇరవై ఏళ్ల తర్వాతవి అని అనుమానం పెట్టుకునే చదవాలి. లెక్చరర్ గారు కూడా ఆ పేజీ అంచున ఎర్ర పెన్సిల్‌తో "ఎప్పటి మాట?" అని తెలుగులో రాసి పెట్టారు. ఇంత మంచి గురువు పక్కన కూర్చుని చెబుతున్నట్టుండే సెకండ్ హ్యాండ్ కాపీ కొత్తదానికంటే నయం.

విక్స్‌బర్గ్ డైరీలు నాకు అంతకంటే ఎక్కువ నచ్చాయి. మిసిసిపి నది ఒడ్డున ఊరు. 1863 మే నుంచి జులై 4 దాకా ఉత్తరాది జనరల్ గ్రాంట్ సైన్యం చుట్టుముట్టి ఫిరంగి గుండ్ల వాన కురిపిస్తుంటే జనం కొండ మట్టిలో గుహలు తవ్వుకుని, లోపల మంచాలు, తివాచీలు వేసుకుని కాపురం పెట్టారు. ఊళ్లోనే ఉండి మనసులో ఉత్తరాది వైపున్న ఒకావిడ రోజూ రాసుకుంది. చివరికొచ్చేసరికి మార్కెట్లో కంచరగాడిద మాంసం పక్కన చర్మం ఒలిచిన ఎలుకలు వేలాడదీసి అమ్ముతున్నారని పనిమనిషి వచ్చి చెబుతుంది, ఆవిడ ఎక్కువ ఆశ్చర్యం లేకుండా రాసేస్తుంది. ఊరి పత్రికకి కాగితం అయిపోయి గోడ కాగితం వెనక వైపు అచ్చేశారు. ఊరు లొంగిపోయాక లోపలికొచ్చిన ఉత్తరాది సిపాయిలు, ప్రెస్సులో సిద్ధంగా ఉన్న ఆ సంచికకే కింద తమ వెటకారం కొన్ని వాక్యాలు చేర్చి మళ్లీ అచ్చేశారు. విజయోత్సవం కూడా అంత పొదుపుగా.

ఇక నల్లవాళ్ల ఉత్తరాలు. సంచి మొత్తంలో ఒక్క పుస్తకమే ఉంచుకోమంటే నేను ఇదే ఉంచుకుంటాను. జేమ్స్ హెన్రీ గూడింగ్ అనే కార్పొరల్, ఉత్తరాది సైన్యంలో నల్ల సిపాయిల దళమైన 54వ మసాచుసెట్స్, 1863 సెప్టెంబర్ 28న నేరుగా లింకన్‌కి రాశాడు. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు, బట్టల ఖర్చు వేరే. వీళ్లకి 10 ఇచ్చి అందులో 3 బట్టలకి కోసుకుంటామన్నారు. మేం సైనికులమా, కూలీలమా అని అడిగాడు. అంతకు రెండు నెలల ముందే వీళ్ల దళం దక్షిణాది వాళ్ల కోట ఫోర్ట్ వాగ్నర్ మీదికెళ్లి కుప్పలుగా చచ్చింది. సమాన జీతం చట్టం 1864 జూన్‌లో వచ్చింది. అప్పటికి గూడింగ్ దక్షిణాది వాళ్ల ఆండర్సన్‌విల్ జైలు శిబిరంలో ఖైదీ, జులైలో అక్కడే పోయాడు.

స్పాట్స్‌వుడ్ రైస్ అనే ఇంకో సిపాయి 1864 సెప్టెంబర్‌లో ఆసుపత్రి మంచం మీద నుంచి, తన కూతురిని ఇంకా బానిసగా ఉంచుకున్న దొరసానికి రాశాడు. నా బిడ్డని ఎన్నాళ్లు ఆపితే నువ్వు నరకంలో అన్నాళ్లు కాలతావు, మేం వస్తున్నాం, అప్పుడు చూసుకుందాం అని. స్పెల్లింగులన్నీ తప్పులే. ఆ తప్పుల్ని దిద్దకుండా అచ్చేసినవాళ్లకి దండం పెట్టాలి.

జోర్డన్ ఆండర్సన్ ఉత్తరం చాలామంది చదివే ఉంటారు. యుద్ధం అయిపోయాక, ఒకప్పుడు తనని బానిసగా ఉంచుకున్న పాత యజమాని తిరిగి పనికి రమ్మంటే, ఒహాయో నుంచి 1865 ఆగస్టు 7న ఎంతో మర్యాదగా రాయించిన జవాబు. తప్పకుండా వస్తాం దొరా, కానీ మీ మాట ఎంతవరకు నిజమో తెలియాలి కదా, నేను 32 ఏళ్లు, నా భార్య మాండీ 20 ఏళ్లు చేసిన పనికి బాకీ పంపండి, నాకు నెలకి 25 డాలర్లు, ఆవిడకి వారానికి 2, మొత్తం 11,680 డాలర్లు, వడ్డీ కలపండి, మా బట్టలకీ, నాకు మూడుసార్లు డాక్టరు వచ్చినందుకూ, మాండీకి పన్ను పీకించినందుకూ అయిన ఖర్చు మినహాయించుకోండి. ఆ పేజీ పక్కన లెక్చరర్ గారు పెన్సిల్‌తో గుణకారం వేశారు. 9,600 ప్లస్ 2,080. కింద గీత గీసి, "సరిపోయింది". అది చూసి షాపులోనే గట్టిగా నవ్వేశాను, బాబాయ్ తల తిప్పి చూశాడు.

గుంటూరు వాళ్లం కాబట్టి పత్తి గురించి ఒక మాట. దక్షిణాది రేవుల్ని ఉత్తరాది నౌకలు దిగ్బంధం చేయడంతో ఇంగ్లండ్ మిల్లులకి పత్తి ఆగింది, వాళ్లు మన దేశపు పత్తి మీద పడ్డారు, రేటు ఆకాశానికెళ్లింది. 1865లో యుద్ధం ఆగగానే రేటు పడిపోయి బొంబాయిలో వ్యాపారాలు కుప్పకూలాయి. పత్తి పండించే జిల్లా వాడిగా ఆ సంగతి కోసం వెతికాను, నేను కొన్న డైరీల్లో మన పత్తి ఊసే లేదు. వాళ్ల గొడవలు వాళ్లవి, తప్పు పట్టలేం. న్యాయంగా అయితే మన వైపు రైతు ఎవరైనా డైరీ రాసి ఉంటే దాంట్లో ఉండాలి.

ఇప్పుడు ఫిర్యాదు. ఒక ఉత్తరాల సంకలనంలో ఆ యుద్ధంలోకెల్లా పేరుమోసిన గెట్టిస్‌బర్గ్ పోరాటం దగ్గర, అంటే జనం కొనేదే ఏ భాగం కోసమో సరిగ్గా అక్కడ, ఒక కట్ట పేజీలు లేవు. వెనక్కి పట్టుకెళితే "చూసుకునే కదండీ తీసుకున్నారు" అన్నాడు. డబ్బులివ్వలేదు, ఇంకో పుస్తకం తీసుకోమన్నాడు. గంటన్నర వాదించాక సౌత్ కరోలినా రాజధాని కొలంబియా తగలబడుతుంటే పదిహేడేళ్ల ఎమ్మా లెకాంట్ రాసుకున్న డైరీ పట్టుకొచ్చాను, నష్టమేం లేదు కానీ పద్ధతి బాలేదు. మీరు వెళితే కొనేముందు పేజీలు తిప్పి చూసుకోండి, ముఖ్యంగా దారం ఊడిన పుస్తకాలు. చెదలు కూడా చూడండి, కింది అరలో ఉన్నాయి.

రేట్ల విషయానికొస్తే, ఆయన పుస్తకం లావు చూసి ధర చెబుతాడు, లోపల ఏముందో చూసి కాదు. అందుకే పల్చటి డైరీలు కారుచౌక, లావుపాటి యుద్ధ చరిత్రలు అనవసరంగా ఖరీదు. ఈ ఒక్క రహస్యం తెలిస్తే చాలు. షాపుకి మూడున్నర స్టార్లు, ఆ ర్యాక్‌కి అయిదు.

నేను వదిలేసి వచ్చినవాటిలో న్యూయార్క్ లాయరు జార్జ్ టెంపుల్టన్ స్ట్రాంగ్ డైరీ, యుద్ధం సంవత్సరాల సంపుటం, ఇంకా అక్కడే ఉంది. 1863 జులైలో 300 డాలర్లు కట్టి సైన్యం నుంచి తప్పించుకోలేని పేదలు ఊరిమీద పడి, నల్లవాళ్లని చంపి తగలబెట్టిన రోజులు అందులో ఉంటాయి, రాసినాయన పెద్దమనిషి కోపంతో సహా. పై నుంచి రెండో అర, నీలం అట్ట. పన్నెండు వందలు చెబుతాడు, ఏడొందల దగ్గర మొదలుపెట్టండి.