ఉదయ ధ్యానానికి జిప్ కవర్ తెలుగు బైబిల్: కొనేముందు చూడాల్సినవి

బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా పాత అనువాదంలో భాష గ్రాంథికం. “ఊరకుండుడి” (కీర్తన 46:10) లాంటి మాటల దగ్గర నోరు తానే నెమ్మదిస్తుంది. ఊపిరి వదులుతూ చదవడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు. పిల్లలకు మాత్రం వాడుక భాష అనువాదమే నయం.

జిప్ కవర్ ప్రయాణాల్లో అంచులను కాపాడుతుంది. కానీ జిప్ వేసేటప్పుడు పేజీ గుర్తుకు ఉండే రిబ్బన్ లోపలికి తోయకపోతే పళ్లలో ఇరుక్కుని చిరుగుతుంది. కాగితం పలచన. జెల్ పెన్ను అవతలి పేజీకి దిగుతుంది, రంగు పెన్సిలే వాడండి. కొత్త పుస్తకాన్ని ఒక్కసారిగా మధ్యలో విప్పితే కుట్టు వదులవుతుంది. ముందు నుంచి కొన్ని పేజీలు, వెనుక నుంచి కొన్ని, అలా మార్చి మార్చి నొక్కుతూ తెరవాలి. అమ్మమ్మలకైతే జిప్ కంటే పెద్ద అక్షరాలు ముఖ్యం, షాపులోనే చదివించి చూడండి.

రోజుకు 5 కీర్తనలు చదివితే 150 కీర్తనలు 30 రోజుల్లో అయిపోతాయి. చిక్కల్లా 119వ కీర్తనే: 176 వచనాలు! ఆ ఒక్కదాన్నీ ఆదివారం మధ్యాహ్నానికి ఉంచుకోండి. బైబిల్లోని సామెతల గ్రంథం 31 అధ్యాయాలు, తేదీని బట్టి రోజుకొకటి. ఫోన్ ముట్టుకోకముందే చదవాలి, లేదంటే వాట్సాప్ మింగేస్తుంది.