అయ్యగారి జ్ఞాపకాల పుస్తకం వేసిన పర్లాకిమిడి ప్రింటింగ్ షాపు

తెలుగు పుస్తకం వేయించాలంటే టెక్కలికో శ్రీకాకుళానికో పరిగెత్తాలి అనుకునే మా గజపతి జిల్లా వాళ్ల కోసం రాస్తున్నా, అక్కర్లేదండీ. పర్లాకిమిడి బజార్లో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు వేసే చిన్న షాపు ఉంది, మా పాస్టరయ్యగారి జ్ఞాపకార్థ కూడికకి 48 పేజీల పుస్తకం అక్కడే వేయించాం, మనసు పెట్టి చేశారు.

అయ్యగారి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ పని విలువ తెలీదు. మా బాప్టిస్టు సంఘానికి నలభై ఏళ్లకి పైగా కాపరి. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషను తర్వాత తర్వాత ఉత్తరానికి శ్రీకాకుళం, టెక్కలి, మా పర్లాకిమిడి దాకా వచ్చింది, సెరంగో ఆసుపత్రి కూడా వాళ్లు పెట్టిందే. దొరలు వెళ్లిపోయాక సంఘాలు మనవాళ్లే నడుపుకోవాల్సొచ్చిన రోజుల మనిషి ఆయన. సైకిలేసుకుని కొండ కింద సవర గిరిజనుల ఊళ్లకి వెళ్లేవారు, అరుగుల మీద ముసలమ్మల పక్కన కూర్చుని సవర భాష నేర్చేసుకున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే ఊళ్లో మేష్టరుగా ఉండి సవర నేర్చుకున్నారు కదా, అయ్యగారికి ఆయనంటే మహా గౌరవం. ఎవరింట్లో చావు జరిగినా గుమ్మం ముందు మొదట కనపడేది అయ్యగారి సైకిలే, వాళ్లు చర్చికి వస్తారా రారా అని చూసేవారు కాదు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగే గానీ పిల్లలు బళ్లో ఒడియా చదువుతారు, అందుకని పుస్తకం రెండు భాషల్లో కావాలన్నాం. ఇక్కడే చాలా షాపులు చేతులెత్తేస్తాయి. మేం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్, అంటే ఫోన్లలో ఉండే తెలుగు, వీళ్లు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో వాడేది 'అను' అనే వేరే రకం ఫాంటు, నేరుగా పేస్ట్ చేస్తే అంతా పిచ్చి గీతలే, కన్వర్ట్ చేశాక కూడా ఒత్తులు ఎగిరిపోతాయి. ఈ షాపులో టైపు చేసే అమ్మాయి ఒత్తుల కోసం ప్రతి లైనూ నాతో పైకి చదివించుకుని దిద్దింది, బాప్తిస్మం, జ్ఞాపకార్థం లాంటి మాటల దగ్గర ఆగి మరీ అడిగింది. సెంటర్ పిన్ పుస్తకం, అంటే కాగితాలు మధ్యకి మడిచి పిన్ కొట్టేది, కాబట్టి పేజీలు నాలుగు చొప్పున పెరగాలట, మా దగ్గర రెండు పేజీలు ఖాళీగా మిగిలితే అయ్యగారు చేత్తో రాసిన సంఘం రిజిస్టరులోంచి పేజీలు స్కాన్ చేసి వేద్దామన్నది ఓనరుగారే. ఆ గుండ్రటి అక్షరాలు చూసి పాస్టరమ్మగారు చాలాసేపు పేజీ తిప్పలేదు.

అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది ఫోటో. మహేంద్రతనయ నదిలో నడుంలోతు నీళ్లలో నిలబడి ఒకాయనకి బాప్తిస్మం ఇస్తున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో, బూజు పట్టి మచ్చలు. అంతకుముందు ఇంకో స్టూడియోకి ఇస్తే ముడతలన్నీ తీసేసి సినిమా హీరోలా నున్నగా చేసిచ్చారు, అది మా అయ్యగారు కాదు. ఇక్కడ ఓనరుగారు "మేష్టారూ, ముఖం జోలికి వెళ్లనండి, మచ్చలు మాత్రం తీస్తాను" అన్నారు. అలాగే చేశారు. తడిసి ఒంటికి అతుక్కున్న చొక్కా, నీళ్లల్లోంచి లేస్తున్న మనిషి వీపు కింద ఆయన చెయ్యి, నుదుటి మీద గీతలు, అన్నీ ఉన్నాయి. అంతమందిని ఆ చేతి మీద ముంచి లేపారాయన, ఆ చెయ్యి అంత స్పష్టంగా కనపడితే చాలనిపించింది నాకు.

లోటు చెప్పాలంటే, కవరు మీద గ్లాసీ లామినేషన్ కొన్ని కాపీలకి బుడగలొచ్చింది, అడిగితే అవి మార్చిచ్చారు. ఒడియా భాగంలో తప్పులు దొర్లాయి, ఒడియా బాగా వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లి ప్రూఫు చూపించండి. డెలివరీ చెప్పిన రోజు సాయంత్రానికి కాకుండా మర్నాడు పొద్దున్న కూడిక మొదలయ్యే ముందు ఇచ్చారు, మాకు గుండె ఆగినంత పనైంది. రేటు న్యాయంగానే ఉంది, అడ్వాన్సు సగం తీసుకుంటారు.

మీరూ ఇలాంటి పుస్తకం వేయిస్తుంటే పాత ఫోటోని మళ్లీ ఫోన్లో ఫోటో తీసి పంపకండి, అసలు ఫోటోనే పట్టుకెళ్లి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. కవరుకి మ్యాట్ లామినేషన్ అడగండి.