పైమాల్ ప్రీసెట్టా, కైమెరాఎక్స్ ప్రీసెట్టా, సొంత స్క్రిప్టా: ప్రాజెక్టు బొమ్మకు ఏది మేలు?

హన్మకొండలో ఎమ్మెస్సీ, ఫార్మసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు రిపోర్టు టైం రాగానే నన్ను అడిగేది ఒకటే: "అన్నా, డాకింగ్ అయితే అయింది, బొమ్మ ఎందులో తియ్యాలె?" డాకింగంటే మందు అణువు ప్రోటీన్‌లో ఎట్లా కూర్చుంటుందో కంప్యూటర్లో లెక్కకట్టడం. పైమాల్, కైమెరాఎక్స్ అణువుల 3డీ బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్లు, ప్రీసెట్టంటే ఒక్క క్లిక్కుతో స్టైల్ మార్చే రెడీమేడ్ సెట్టింగు, స్క్రిప్టంటే మనమే వరుసగా రాసుకునే కమాండ్లు. నా జవాబు ముందే చెప్తా. చూసి అర్థం చేసుకోవడానికి పైమాల్ ప్రీసెట్, ప్రింటుకు కైమెరాఎక్స్ ప్రీసెట్, వైవాలో నిలబడి జవాబు చెప్పాల్సిన బొమ్మకు మాత్రం మీరు రాసుకున్న స్క్రిప్టే.

ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది. నా ప్రాజెక్టు 1హెచ్‌ఎస్‌జీ అనే స్ట్రక్చర్ ఫైలు మీద, అంటే ఇండినవిర్ మందు పట్టుకుని ఉన్న హెచ్‌ఐవీ ప్రోటియేజ్ అనే ప్రోటీన్. డాకింగ్ నేర్చుకునే వాళ్లలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు. పైమాల్‌లో పక్కనున్న ‘ఎ’ బటన్ నొక్కి, ప్రీసెట్‌లోకి పోయి, పబ్లికేషన్ అని కొట్టా. ప్రోటీన్ గొలుసును పట్టీలా చూపించే రిబ్బన్ నున్నగా, మందు పుల్లలుగా, చూడముచ్చటగా వచ్చింది, అదే అతికించేశా. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఆ పేజీ దగ్గరే ఆగి, "ఫ్లాప్‌ల కింద ఉండాల్సిన నీళ్లేవి?" అన్నారు. ఫ్లాప్‌లంటే మందు మీద మూతల్లా ఉండే ప్రోటీన్ భాగాలు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రోటీన్ రెండు చెయిన్ల ఫ్లాప్ కొసల్లో ఉన్న ఐసోల్యూసిన్ 50 అనే అమైనో ఆమ్లాలకూ మందుకూ మధ్య 308 నంబరు నీటి అణువు ఒకటి హైడ్రోజన్ బంధాలతో వంతెనలా కూర్చుని ఉంటుంది. ఫైల్లో అది ఉంది. ప్రీసెట్ నీళ్లన్నిటినీ దాచేసింది కాబట్టి నా కంటికి పడలేదు. సాల్వెంట్‌తో, అంటే నీళ్లతో, కలిపి చూపించే పబ్లికేషన్ ప్రీసెట్ కూడా అదే మెనూలో ఉంది, నేను చూడనే లేదు.

అట్లాగని పైమాల్ ప్రీసెట్లు పనికిరావని కాదు. లిగాండంటే ప్రోటీన్‌కు అంటుకునే చిన్న అణువు. లిగాండ్ సైట్స్ అనే ప్రీసెట్ నాకు చాలా ఇష్టం, మందు, దాని చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు, మధ్యలో చుక్కల గీతలు, రెండు క్లిక్కుల్లో మందు కూర్చునే పాకెట్ మొత్తం కళ్ల ముందుంటుంది. కాకపోతే ఆ గీతలు దూరం, కోణం లెక్కలతో గీసినవి, ప్రయోగంలో కొలిచినవి కావు. గీత కనబడింది కదా అని "బంధం ఉంది" అని రాసేయకండి. పబ్లికేషన్ ప్రీసెట్ లూపులను నున్నగా చేస్తుంది కూడా, అందుకే ఒక్కోసారి సైడ్ చెయిన్ (అమైనో ఆమ్లం పక్క కొమ్మ) పుల్ల రిబ్బన్‌కు అంటకుండా గాల్లో వేలాడినట్టు కనబడుతుంది.

బీ ఫ్యాక్టర్ పుట్టీ అనే ప్రీసెట్‌తో ఇంకా జాగ్రత్త. అది బీ ఫ్యాక్టర్ ఎక్కువున్న చోట, అంటే కదలిక ఎక్కువున్న చోట, గొట్టాన్ని లావుగా చూపిస్తుంది. ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే మోడల్ ఫైల్లో అదే కాలమ్‌లో బీ ఫ్యాక్టర్ బదులు పీఎల్‌డీడీటీ అనే నమ్మక స్కోరు, 0 నుంచి 100 దాకా ఉంటుంది. దాని మీద పుట్టీ నొక్కితే బాగా నమ్మదగిన భాగమే లావుగా వస్తుంది, చూసేవాళ్లు అదే ఎక్కువ ఊగుతోందనుకుంటారు. అర్థం మొత్తం తిరగబడిపోతుంది.

ప్రింటు దగ్గరికొస్తే కైమెరాఎక్స్‌దే పైచేయి. అందులో పబ్లికేషన్ 1 నొక్కితే వెనక తెల్లగా మారి, అణువుల అంచులకు నల్ల గీత వస్తుంది. జిరాక్స్ సెంటర్లో బ్లాక్ అండ్ వైట్ తీయించినా హిమోగ్లోబిన్ (ఫైలు 4హెచ్‌హెచ్‌బీ) నాలుగు చెయిన్లు ఒకదాన్నుంచి ఒకటి విడిగా తెలుస్తాయి. చదువు పనికి ఉచితం కూడా. పైమాల్‌కు ఓపెన్ సోర్స్ రూపం ఉంది, ష్రోడింగర్ కంపెనీ వాళ్లది మాత్రం లైసెన్సుతో.

మీది చిన్న అణువైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఏనుమాముల మార్కెట్‌కొచ్చే మిర్చిలోని క్యాప్సైసిన్‌నే తీసుకోండి, కార్బన్లు 18, హైడ్రోజన్లు 27, నైట్రోజన్ ఒకటి, ఆక్సిజన్లు 3. దానికి రిబ్బనే ఉండదు, బాల్ అండ్ స్టిక్ ప్రీసెట్ చాలు.

సొంత స్క్రిప్టంటే భయపడతారు గానీ పది లైన్లే: అన్నీ దాచు, రిబ్బన్ చూపించు, మందును పుల్లలుగా చూపించు, 308 నీటిని గోళంగా చూపించు, రంగులు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఏ కోణం నుంచి చూడాలో ఆ అంకెలు. గైడ్ మేడం చివరి రోజు "ఇంకో లిగాండ్‌తో కూడా పెట్టు" అన్నా టెన్షన్ ఉండదు, బొమ్మలన్నీ ఒకే తీరుగా వస్తాయి, ఏది చూపించాం, ఏది దాచాం అన్నది మీకు తెలిసే ఉంటుంది. కైమెరాఎక్స్‌లోనైతే ఇట్లాంటి కమాండ్ ఫైళ్లను ఒక ఫోల్డర్లో పెట్టి సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్ చూపిస్తే, ప్రీసెట్ మెనూలోనే మీ స్టైల్ కూడా వచ్చి చేరుతుంది.

ఏది వాడినా నొక్కే ముందు సెషన్ సేవ్ చేసుకోండి. గంట కూర్చుని వేసిన రంగులను ప్రీసెట్ ఒక్క క్లిక్కుతో మార్చేస్తుంది.