పొమ్మనలేక పొగబెట్టారు: అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రివ్యూ

కొనాలా వద్దా అని చూడ్డానికి వచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, ఇది మనం కొనేది కాదు, మన చేత కొనిపించేది. బిల్లులు, స్టాక్, జీతాల లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్. పేరు రాయను. పాత వెర్షన్ వాడినవాళ్లు ఆ ఎర్ర పట్టీ గురించి చదవగానే ఎలాగూ గుర్తుపడతారు.

పాతదానితో నాకు ఏ గొడవా లేదు. ఒక్కసారే డబ్బు కట్టి శాశ్వత లైసెన్స్ తీసుకున్నాను, నొక్కితే తెరుచుకునేది, బిల్లు కొడితే ప్రింట్ వచ్చేది, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నుంచి అంతకు మించి ఎవరైనా ఏం ఆశిస్తారు చెప్పండి. కంపెనీకి వచ్చిన చిక్కే అది. సాఫ్ట్‌వేర్ అరగదు, తుప్పు పట్టదు, బాగున్నంతకాలం మనం మళ్లీ డబ్బు తీయం. కాబట్టి అది పాడైపోయేలా ఎవరో ఒకరు పూనుకోవాలి, ఆ పని వాళ్లే చేశారు.

మొదట స్క్రీన్ పైన పసుపు పట్టీ వచ్చింది, 'సరికొత్త అనుభవం మీకోసం సిద్ధం' అని. దాని మీద రెండే బటన్లు, 'ఇప్పుడే', 'తర్వాత గుర్తుచేయి'. 'వద్దు' అనే బటన్ వెతక్కండి, లేదు. కొన్నాళ్లకు అదే పట్టీ ఎర్రబడి 'మీ డేటా ప్రమాదంలో ఉంది' అంది, ప్రమాదం ఎవరివల్లో మాత్రం రాయలేదు. తర్వాత ఆన్‌లైన్ బ్యాకప్ ఆగింది, ఆ తర్వాత బిల్లు మెయిల్ చేసే బటన్ మూగబోయింది. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, సరిగ్గా అదే, కాకపోతే ఇక్కడ పొగ కూడా అప్‌డేట్ రూపంలో డౌన్‌లోడ్ అవుతుంది. చివరికి హార్డ్ డిస్క్ మార్చి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మన లైసెన్స్ కీ సరిచూసి తాళం తీసే యాక్టివేషన్ సర్వర్ మూసేశామని మెసేజ్. కీ నా దగ్గరుంది, రసీదు నా దగ్గరుంది, తాళం మాత్రం వాళ్ల దగ్గర.

సపోర్ట్‌కు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి చాలా మర్యాదస్తుడు, అతని తప్పేమీ లేదు.

'మీ లైసెన్స్ ఇప్పటికీ చెల్లుతుంది సార్.'

'మరి తెరుచుకోవట్లేదు కదా బాబూ?'

'అవును సార్. చెల్లుతుంది, తెరుచుకోదు.'

ఇక కొత్త వెర్షన్ సంగతి. రంగులు మారాయి. రోజూ వాడే మెనూలు మూడు చుక్కల వెనక దాక్కున్నాయి. స్టాక్ రిపోర్ట్ పై ప్లాన్‌లోకి వెళ్లింది, రెండో మనిషి లాగిన్ కావాలంటే దానికి వేరే డబ్బు, రెండూ పాతదాంట్లో ఊరికే వచ్చేవి. కుడివైపు మూల ఏఐ సహాయకుడని ఒకాయన కూర్చుని ఉంటాడు, 'ఈ నెల ఎవరెవరు బాకీ ఉన్నారు' అని అడిగితే నేనే బాకీ ఉన్నానని చెప్తాడు, ప్లాన్ అప్‌గ్రేడ్ చేయలేదట. ఇంత మార్పులో నాకు నిజంగా పనికొచ్చే కొత్త ఫీచర్ కోసం చాలా వెతికాను. ఒక్కటే దొరికింది: పాతది పనిచేయకపోవడం. నెలనెలా కడుతున్న డబ్బంతా దానికే.

అసలు ఉచ్చు డేటా ఫైల్ దగ్గరుంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. కొత్త వెర్షన్‌లో మన ఫైల్ మొదటిసారి తెరిచినప్పుడు 'కొత్త ఫార్మాట్‌లోకి మారుస్తున్నాం' అంటుంది, కింద 'ఓకే' ఒక్కటే ఉంటుంది. ఒకసారి మారాక ఆ ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. సీఎస్‌వీలోకి, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టిక ఫైల్‌లోకి, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు కదా అంటారు, చేసుకోవచ్చు, అంకెలన్నీ వస్తాయి, ఏ బిల్లుకు ఏ చెల్లింపు జమైందో ఆ లింకు మాత్రం రాదు. అంటే వెళ్లిపోయే స్వేచ్ఛ పూర్తిగా మీదే, లెక్కలు మాత్రం మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. పైగా దీనికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, దానికి కొత్త ప్రాసెసర్ కావాలి, కొత్త కంప్యూటర్ కొంటే పాత ప్రింటర్‌కు డ్రైవర్ దొరకదు. బిల్లు సాఫ్ట్‌వేర్ కోసం మొదలుపెడితే బిల్లుల కట్ట తేలింది.

ఈ విద్య వీళ్లు కనిపెట్టింది కాదు లెండి, పెద్దలు చూపించిన దారే. అడోబ్ 2013లో ఫోటోషాప్ లాంటివాటిని కలిపి డబ్బాలో అమ్మే క్రియేటివ్ సూట్‌కు ఇక కొత్త వెర్షన్లు ఉండవని ప్రకటించి అందరినీ సబ్‌స్క్రిప్షన్ వైపు నడిపించింది. మధ్యలో మానేస్తే పడే ఫీజు గురించి సరిగ్గా చెప్పకుండా దాచిందని ఆరోపిస్తూ 2024లో అమెరికా ప్రభుత్వం దాని మీద కేసు వేసింది. చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్ 2023 నవంబర్‌లో, ఒకే సర్వర్‌ను పది కంప్యూటర్లలా వాడుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ను కొనేసి, డిసెంబర్‌లోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది, కొన్న సామాన్లు సర్దుకోవడానికి కూడా అంత తొందర ఎవరూ పడరు. పాత ఐఫోన్లు నెమ్మదించడం మన భ్రమ కాదని, బ్యాటరీ పాతబడితే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా తామే వేగం తగ్గిస్తున్నామని యాపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది, వాడేవాళ్లకు ఆ ముక్క చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోలు జరిమానా వేసింది. విండోస్ 10 అయితే ఇంకా సరదా. అదే చివరి విండోస్ అని 2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకాయన వేదిక మీద అన్నాడు. 2021లో 11 వచ్చింది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని కంప్యూటర్లకు ప్రవేశం లేదంది. 2025 అక్టోబర్ 14తో 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే 30 డాలర్లు కట్టమన్నారు, లేదా వాళ్ల అకౌంట్‌లోకి మన సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే ఉచితమన్నారు. డబ్బో, డేటానో, ఏదో ఒకటి పళ్లెంలో పెట్టాలన్నమాట.

న్యాయంగా ఒక మాట. పాత కోడ్‌లో లోపాలు వెతికి ప్యాచ్‌లు రాసేవాళ్లకూ జీతాలు కావాలి, ఏళ్ల తరబడి ఊరికే చేయమనడం కుదరదు. దానికి విడిగా డబ్బు అడగండి, నేను ఇస్తాను. కానీ యాక్టివేషన్ సర్వర్ ఆపేయడానికీ సెక్యూరిటీకీ ఏం సంబంధం? ఇకమీదట సర్వర్‌ను అడగకుండా తెరుచుకునేలా ఆఖరి ప్యాచ్ ఒకటి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. అది చేయలేక కాదు, చేస్తే జనం పాతదే వాడుకుంటారని.

సబ్‌స్క్రిప్షన్ రద్దు చేద్దామని ఒకసారి లోపలికెళ్లాను. ఏడుపు ముఖం బొమ్మ, 'ఎందుకు వెళ్తున్నారు' అని ప్రశ్నలు, చివరికి 'ఉండిపోతే సగం ధరే' అన్నారు. సగం ధరకు గిట్టుబాటయ్యేదాన్ని ఇన్నాళ్లూ ఎంతకిచ్చినట్టు?

ఇంకా పాత వెర్షన్ మీదే ఉన్నవాళ్లు డేటా ఫైల్ కాపీ, ఇన్‌స్టాలర్ రెండూ వేరే డ్రైవ్‌లో పెట్టుకోండి, ఏడాది చివరి రిపోర్టులన్నీ పీడీఎఫ్ చేసుకోండి, యాక్టివ్‌గా ఉన్న మెషీన్‌ను ఫార్మాట్ చేయకండి. కొత్తది తప్పనిసరైతే కాపీ ఫైల్ మీదే 'ఓకే' నొక్కండి, అసలుదాని జోలికి పోనివ్వకండి. ఆటో రెన్యువల్ మొదటి రోజే ఆపేయండి.

రేటింగ్: ఒక స్టార్, అదీ ట్రయల్ మీద. మిగతా నాలుగూ కావాలంటే కంపెనీవారు నా ప్రీమియం ప్లాన్ తీసుకోవచ్చు, నెలకొక స్టార్ ఇస్తాను. మధ్యలో మానేస్తే ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకుంటాను, ఈ రివ్యూ కూడా కొత్త ఫార్మాట్‌లోకి మారిపోతుంది.