పాత ఫైర్‌ప్లేస్: పోత ఇనుమా, పాలరాయా?

బెంగళూరు కంటోన్మెంట్ వైపు పాత బంగళాలు కూల్చినప్పుడు ఫైర్‌ప్లేస్‌లు పాత సామాన్ల దుకాణాలకు చేరతాయి. పోత ఇనుముదా, పాలరాతి చట్రమా అంటే, నిజంగా మంట వేసేవాళ్లకు మా ఓటు ఇనుముకే.

ఇనుములో తుప్పు పెద్ద సమస్య కాదు, పగులే సమస్య. కొనేముందు చిన్న సుత్తితో తట్టండి: బాగుంటే గంటలా మోగుతుంది, పగిలి ఉంటే బొంగురుగా పలుకుతుంది. వెల్డింగ్‌కు నికెల్ రాడ్ కావాలి. మామూలు రాడ్ వాడితే చల్లారేటప్పుడు అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, కాబట్టి పొడిగా గీకకుండా పెయింట్ రిమూవర్‌తో తీయండి. ఆ తర్వాత వైరు బ్రష్, గ్రాఫైట్ పాలిష్. నీళ్లతో కడిగితే వెంటనే తుడిచి ఆరబెట్టాలి. వానాకాలం తేమకు తుప్పు ఇట్టే తిరిగొస్తుంది.

పాలరాతి అందం వేరు. కానీ నిమ్మరసం, వెనిగర్ తగిలినా మెరుపు పోతుంది, యాసిడ్ మాటే ఎత్తొద్దు. మసి మరకకు వంటసోడా, నీళ్లు కలిపిన ముద్దను పావు అంగుళం మందాన పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి 24 గంటలు ఉంచండి. కాగితం తీశాక ముద్ద పూర్తిగా ఆరనివ్వాలి. మరకను పైకి లాగేది ఆరడమే. అతుకులకు సున్నమే వాడండి. సిమెంటు వేడికి కదలనివ్వక రాతి అంచునే పగలగొడుతుంది.

ఏది కొన్నా, చిమ్నీలో పిట్టగూళ్లు లేవని, పొగ పైకే పోతోందని తేలాకే మంట వేయండి.