కారు ఆప్షన్లు, ఇన్సూరెన్స్: ఏళ్ళ తరబడి వాడాక ఏది గిట్టుబాటయ్యింది, ఏది కాలేదు

కొత్త కారు ఆప్షన్ల లిస్టులో ప్రతి ఫీచర్ పక్కన ఒకటే రేటు రాసి ఉంటుంది కానీ దానికి మనం కట్టేది మూడు సార్లు. కొన్నరోజు ఒకసారి, కారు విలువ పెరిగింది కాబట్టి ఏటా ప్రీమియంలో ఇంకోసారి, ఎక్కడన్నా తగిలితే ఆ పార్టు మార్చడానికి మళ్ళీ ఇంకోసారి. మొదటిది అందరం చూస్తాం, మిగతా రెండూ రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడో బాడీ షాపు వాళ్ళు ఎస్టిమేట్ చేతిలో పెట్టినప్పుడో తెలుస్తాయి. నాది మధ్య వేరియంట్, దాని మీద సేఫ్టీ ప్యాకేజీ, స్టాండర్డ్ వీల్సే ఉంచుకున్నాను, ఇంట్లోవాళ్ళ పట్టుదల మీద సన్‌రూఫ్. వారంటీ కూడా ఎప్పుడో అయిపోయింది, కాబట్టి కొత్త మోజులో రాస్తున్న రివ్యూ అయితే కాదు ఇది.

ముందు సేఫ్టీ ప్యాకేజీ సంగతి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయిందీ దీనికే, మళ్ళీ కొన్నా తీసుకునేదీ ఇదే. ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, బ్లైండ్ స్పాట్ వార్నింగ్ (మిర్రర్లో కనబడని మూలన బండి ఉంటే చెప్పేది), రివర్స్ చేసేటప్పుడు వెనక అడ్డంగా వచ్చే బండ్లని చెప్పేది, లేన్ కీపింగ్ (గీత దాటకుండా స్టీరింగ్ సర్దేది), అన్నీ ఒక కట్టగా ఇస్తారు, విడిగా కావాలంటే ఇవ్వరు. వీటిలో అసలు పని చేసేది బ్రేకింగ్. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అని ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతోనే నడిచే సంస్థ ఉంది, వాళ్ళు నిజం యాక్సిడెంట్ల రికార్డులు చూసి చెప్పింది ఏంటంటే ఇది ఉన్న కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దడం సుమారు సగానికి తగ్గింది. బ్లైండ్ స్పాట్ వార్నింగ్‌తో లేన్ మారేటప్పుడు జరిగేవి 14 శాతం తగ్గాయట. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకీ ఎమర్జెన్సీ బ్రేకింగ్ తప్పనిసరి, అంటే అక్కడ ఇది ఆప్షన్ అనే మాటే లేదు. నాకైతే ట్రాఫిక్‌లో ముందు బండి ఠక్కున ఆగినప్పుడు నా కాలు పెడల్ మీదకి వెళ్ళేలోపే అది బ్రేక్ పట్టుకుంది, ఆ ఒక్క సారికే ప్యాకేజీ డబ్బు వచ్చేసినట్టే అనుకుంటాను. అప్పుడప్పుడు మలుపులో పక్కన ఆగున్న బండిని చూసి ఊరికే కంగారు పడి బీప్ కొడుతుంది, పర్లేదు. లేన్ కీపింగ్ మాత్రం గీతలు అరిగిపోయిన రోడ్డు మీద స్టీరింగ్‌తో కుస్తీ పట్టినట్టే ఉంటుంది, హైవే ఎక్కితే తప్ప ఆపేసే ఉంచుతాను.

ఇంత సేఫ్టీ ఉంటే ప్రీమియం తగ్గాలి కదా అని అందరూ అడుగుతారు. కొన్నిచోట్ల డిస్కౌంట్ ఇస్తారు గానీ అనుకున్నంత ఉండదు, దానికి కారణం నాకు అద్దం పగిలాక అర్థమైంది. లారీ టైరు కింద నుంచి ఎగిరొచ్చిన రాయి ముందు అద్దానికి తగిలి పగులు వచ్చింది. పాత కార్లో అయితే గ్లాస్ మార్చి సాయంత్రానికి ఇచ్చేసేవాళ్ళు. ఇందులో అద్దం వెనక, మిర్రర్ పక్కన, కెమెరా ఉంటుంది, బ్రేకింగూ లేన్ చూడడమూ అదే చేస్తుంది. అద్దం మారిస్తే ఆ కెమెరా చూసే కోణం పిసరంత తేడా వచ్చినా దూరంలో అది చాలా తేడా అయిపోతుంది, అందుకని మళ్ళీ కాలిబ్రేషన్, అంటే కెమెరా చూపు సరిచూసి సెట్ చెయ్యడం, చెయ్యాలి. కారు ముందు గీతల బోర్డులు కొలత ప్రకారం నిలబెట్టి చేసేది ఒక రకం, రోడ్డు మీద నడుపుతూ చేసేది ఒక రకం, కొన్ని కార్లకి రెండూ కావాలి. మా ఇన్సూరెన్స్ వాళ్ళు గ్లాస్‌కి వెంటనే ఒప్పుకున్నారు, కాలిబ్రేషన్‌కి మాత్రం అది రిపేరు కాదు సర్వీసు కిందకి వస్తుంది అని మెలిక పెట్టారు, తయారీ కంపెనీ మాన్యువల్‌లో అద్దం మార్చాక కాలిబ్రేషన్ తప్పనిసరి అని ఉన్న పేజీ ఫొటో తీసి పంపాక గానీ దారికి రాలేదు. పాలసీ తీసుకునేటప్పుడే ఈ ఒక్క ప్రశ్న మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి, ఫోన్లో చెప్పినవి అవసరానికి పనికిరావు.

బంపర్లదీ అదే కథ. ముందు బండి ఎంత దూరంలో ఉందో చూసే రాడార్ ముందు గ్రిల్ వెనకో బంపర్ వెనకో ఉంటుంది, బ్లైండ్ స్పాట్‌వి వెనక బంపర్ మూలల్లో ఉంటాయి, బంపర్ మీద పుట్టీ పెట్టి మందంగా పెయింట్ కొడితే సిగ్నల్ దెబ్బతింటుందని చాలా కంపెనీలు రాతపూర్వకంగానే హెచ్చరిస్తాయి. గీత పడితే ఎక్కడోచోట పాలిష్ పెట్టించేసుకుందాం అనే రోజులు పోయాయి. యాక్సిడెంట్లు తక్కువ, కానీ ప్రతి యాక్సిడెంట్ బిల్లూ పెద్దది, ఇన్సూరెన్స్ వాళ్ళకి లాభమూ నష్టమూ దాదాపు అక్కడికక్కడే, మనకి ప్రీమియం తగ్గనిది అందుకే. అయినా ఈ ప్యాకేజీ వదలను, ఎందుకంటే తర్వాత బయట పెట్టించుకునే వస్తువు కాదు. ఆప్షన్లు చూసేటప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న అదే, ఇది తర్వాత పెట్టించుకోవచ్చా? సీట్ కవర్లు, మ్యాట్లు, మంచి స్పీకర్లు, డాష్‌క్యామ్, రివర్స్ కెమెరా కూడా, ఇవన్నీ తర్వాత ఎప్పుడైనా అవుతాయి. ఎయిర్‌బ్యాగులు, కారు జారిపోకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్, రాడార్లు అవ్వవు.

హెడ్‌లైట్లు: ఎల్ఈడీ వెలుతురు బాగుంటుంది, రాత్రి డ్రైవింగ్ ఎక్కువ ఉన్నవాళ్ళకి తేడా తెలుస్తుంది. కాకపోతే చాలా కార్లలో అది సీల్ చేసిన యూనిట్, లోపల ఒక మాడ్యూల్ పోయినా మొత్తం లైటే మార్చాలి, హాలోజెన్ బల్బులాగా కొని పెట్టుకునేది కాదు. కొనేముందు ఆ మోడల్ హెడ్‌లైటు, ముందు అద్దం, సైడ్ మిర్రర్, ఈ మూడింటి రేట్లు పార్ట్స్ కౌంటర్లో అడిగి చూడండి. సేల్స్ వాళ్ళని అడిగితే నవ్వుతారు, కౌంటర్లో వాళ్ళు చెప్పేస్తారు. వేరియంట్‌ని బట్టి ఒకే పార్టు రేటు ఎంత మారుతుందో అక్కడ కనిపిస్తుంది.

పెద్ద వీల్స్ గురించి కొంచెం లెక్క. 205/55 ఆర్16 అంటే టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, అంటే 113 దగ్గర, చివరి 16 రిమ్ సైజు అంగుళాల్లో. అదే కారుకి టాప్ వేరియంట్లో 225/40 ఆర్18 ఇచ్చారనుకోండి, గోడ ఎత్తు 90. గుంతలో పడ్డప్పుడు రిమ్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న మెత్తదనం రెండు సెంటీమీటర్ల పైన తగ్గిపోయింది, ఫొటోలో అందం వచ్చింది. టైరు రేటు ఎక్కువ, మైలేజీ కొంత తగ్గుతుంది, రిమ్ వంగే ఛాన్స్ ఎక్కువ, పైగా చాలా పాలసీల్లో యాక్సిడెంట్ లేకుండా ఒక్క టైరే పగిలితే డబ్బు రాదు, దానికి మళ్ళీ వేరే టైర్ కవర్ అమ్ముతారు. 16 అంగుళాల మీదే ఉండిపోయాను, టైర్లు మార్చిన రోజు బిల్లు చూస్తే హాయిగానే అనిపించింది.

సన్‌రూఫ్ పిల్లలు చిన్నగా ఉన్నన్ని రోజులు బాగుంది, ఇప్పుడు ఎక్కువగా మూసే ఉంటుంది. దాని మూలల్లో నీళ్ళు కిందకి పోయే సన్న గొట్టాలు ఉంటాయి, ఆకులూ దుమ్మూ పట్టి అవి పూడుకుపోతే నీళ్ళు పిల్లర్ల లోపల నుంచి కాళ్ళ దగ్గర తేలతాయి, చెట్టు కింద పార్క్ చేసేవాళ్ళు ఏటా క్లీన్ చేయించుకోవాల్సిందే. కనెక్టెడ్ ఫీచర్లకి, అంటే మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచేవాటికి, అయితే నేను పైసా కూడా ఎక్కువ పెట్టను. ఫ్రీ పీరియడ్ అయిపోయాక చందా అడుగుతారు, అమెరికాలో 2022లో 3జీ ఆపేసినప్పుడు ఎన్నో కార్లలో ఆ సర్వీసులు అలాగే ఆగిపోయాయి కూడా. బీఎండబ్ల్యూ 2022లో కొన్ని దేశాల్లో సీటు హీటింగ్‌నే నెలవారీ చందాలో పెట్టి తిట్లు తిని తర్వాతి ఏడాది మానుకుంది, అంటే ఇక ముందు కార్లో ఉన్న వస్తువు మనదో కాదో కూడా అడిగి కొనాలి.

ఇక ఇన్సూరెన్స్. షోరూమ్ వాళ్ళు కారుతోపాటే పాలసీ అంటగడతారు, వాళ్ళకి అందులో కమీషన్ ఉంటుంది, అది తప్పని కాదు గానీ బయట కోట్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు రేటు దిగుతుంది. పోల్చేటప్పుడు కారు విలువ రెండింట్లోనూ ఒకటే రాశారో లేదో చూడండి, ఎందుకంటే కారు విలువ తక్కువ వేసి ప్రీమియం తక్కువ చూపించడం పాత ఎత్తు, కారు మొత్తం పోయిన రోజు ఆ తక్కువ విలువే చేతికొస్తుంది. కొత్త కారు విలువ మొదటి ఏడాదే బాగా పడిపోతుంది, అందులోనూ ఆప్షన్లకి పెట్టిన డబ్బు కారు కంటే వేగంగా కరిగిపోతుంది, సెకండ్ హ్యాండ్ కొనేవాడు సన్‌రూఫ్‌కి మనం పెట్టినంత పెట్టడు. అందుకే లోన్ మీద టాప్ మోడల్ తీసుకున్నవాళ్ళకి మొదటి రెండు మూడేళ్ళు, కారు మొత్తం పోతే కొన్న రేటుకీ అప్పటి మార్కెట్ విలువకీ మధ్య తేడా ఇచ్చే కవర్ పనికొస్తుంది. లోన్ సగం తీరాక అనవసరం, నేను తీసేశాను.

డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో మన జేబు నుంచి ముందు పెట్టుకునే భాగం, ఎక్కువ పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుంది. ఎంత తగ్గితే లాభమో కాగితం మీద వేసుకోవాలి. ప్రీమియం ఏడాదికి 100 అనుకోండి, డిడక్టబుల్ 60 పెంచితే ప్రీమియం 12 తగ్గిందనుకుందాం, 60 బై 12 అంటే 5, అంటే అయిదేళ్ళు క్లెయిమ్ లేకపోతేనే సరికి సరి. నాకు అది కుదరలేదు, ఊళ్ళోనే ఇరుకు సందుల్లో తిప్పే బండి. ఎక్కువగా హైవే మీద ఒక్కరే నడిపేవాళ్ళకి కుదరొచ్చు. చిన్న గీతలకి క్లెయిమ్ వేసే ముందు కూడా ఇలాంటి లెక్కే, రిపేరు 30, మన డిడక్టబుల్ 10, కంపెనీ ఇచ్చేది 20, కానీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వెయ్యని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయి వచ్చే ఏడాది ప్రీమియం 25 పెరిగితే మనమే వాళ్ళకి ఎదురిచ్చినట్టు. పైగా ఆ బోనస్ మళ్ళీ ఆ స్థాయికి ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది. బోనస్ పోకుండా కాపాడే యాడ్ఆన్ ఉంటే దాని రేటు చూసుకోండి, నాకు బోనస్ బాగా పెరిగాకే అది తీసుకోవాలనిపించింది, మొదటి ఏడాది కాపాడుకోవడానికి ఏముంది గనక.

ఇంకొకటి, బయట పెట్టించిన స్పీకర్లు, అల్లాయ్ వీల్స్ లాంటివి పాలసీలో రాయించకపోతే చాలా కంపెనీలు వాటికి డబ్బు ఇవ్వవు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి కారు విలువలోనే కలిసుంటాయి. తర్వాత పెట్టించుకోవచ్చులే అని వదిలేసిన ఆప్షన్లకి ఈ ఒక్క పని గుర్తుపెట్టుకోవాలి, బిల్లు దాచి, రెన్యువల్ అప్పుడు యాక్సెసరీస్ కాలమ్‌లో రాయించాలి. నా డాష్‌క్యామ్ కూడా అక్కడ ఉంది, దానికి అదనంగా పడింది చాలా స్వల్పం.